పద్నాలుగు మీటర్ల పైపు: జెరూసలేం పాతనగరంలో ఒక కేసు

ఈ కేసు రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. ఊరి పేరు దాచడం కుదరదు, అలాంటి ఊరు ఇంకోటి లేదు. అందుకని వీధి, మఠం, కుటుంబం, సంవత్సరం వదిలేశాను. రెండు మూడు కొలతలు కావాలనే మార్చాను. నేను డ్రైనేజీ ఇంజినీర్ని. హైదరాబాద్ పాతబస్తీ మురుగు లైన్ల మీద పదేళ్లు పనిచేసి, తర్వాత పాత కట్టడాల కింద నీటి సమస్యలు చూసే కన్సల్టెంట్‌నయ్యాను. జెరూసలేం పనికి నన్ను పిలిచింది నా అనుభవం చూసే అనుకున్నాను. పిలిచినాయన తర్వాత నవ్వుతూ చెప్పాడు: "నువ్వు ఇక్కడ ఎవరికీ చుట్టానివి కావు. అదే నీ అర్హత."

నేపథ్యం

మన వైపు నుంచి యెరూషలేము యాత్రకు వెళ్లేవాళ్లకి గోడల లోపలి పాతనగరం ఒక పూట పని. చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అందులోనే యూదుల పశ్చిమ గోడ, ముస్లింల అల్ అఖ్సా, క్రైస్తవుల పవిత్ర సమాధి చర్చి. ఆ రాళ్ల కింద పోయే మురుగు లైను ఎవరిది, దాన్ని ఎవరు ముట్టుకోవచ్చు అన్న తగువు మాత్రం యాత్రికుడి కంటికి కనబడదు.

1948 యుద్ధం ఆగినప్పుడు ఇజ్రాయెల్, జోర్డాన్ కమాండర్లు 1:20,000 మ్యాప్ మీద మైనపు పెన్సిళ్లతో చెరో గీత గీశారు. మ్యాప్ మీద ఆ గీత మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. నేల మీదకొచ్చేసరికి అది 60 నుంచి 80 మీటర్లు. ఆ మందంలో ఇళ్లు, వీధులు పడ్డాయి. గీత లోపలి జాగా ఎవరిదో తేలక ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. అప్పటిదాకా జోర్డాన్ చేతిలో ఉన్న తూర్పు భాగం, పాతనగరంతో సహా, 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ చేతికొచ్చింది. మొత్తం నగరం తమ రాజధాని అని ఇజ్రాయెల్ 1980లో చట్టం చేసింది. అది చెల్లదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అదే ఏడాది 478వ తీర్మానం చేసింది. తూర్పు జెరూసలేం పాలస్తీనీయుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ పౌరులు కారు, "శాశ్వత నివాసులు". నగరపాలక ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది, కానీ దాదాపు అందరూ బహిష్కరిస్తారు. అర్నోనా, అంటే మన ఇంటి పన్ను లాంటిది, మాత్రం తప్పకుండా కడతారు. తమ బతుకంతా ఈ ఊళ్లోనే ఉందని రుజువు చేసుకోకపోతే నివాస హోదా పోవచ్చు. ఆ రుజువుల్లో పన్ను రసీదు ఒకటి.

దీనికి తోడు స్టేటస్ కో. 1757లో, 1852లో వచ్చిన ఒట్టోమాన్ ఫర్మానాలు ఏ చర్చిలో ఏ మూల ఎవరిదో, అప్పటికి ఉన్నది ఉన్నట్టు బిగించేశాయి. 1929లో ఒక బ్రిటిష్ అధికారి దీని మీద నివేదిక రాస్తూ ఒక ముక్క చెప్పాడు: కప్పునో నేలనో బాగుచేసే అధికారం ఎవరికుంటే ఆ చోటు వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టే లెక్క. ఇది పాత ముచ్చట కాదు. 2018 అక్టోబరులో పవిత్ర సమాధి చర్చి పైకప్పు మీదున్న దేర్ అల్ సుల్తాన్ మఠంలో, ఇథియోపియన్ల చేతిలో ఉన్న చిన్న ప్రార్థనాలయాన్ని బాగుచెయ్యడానికి ఇజ్రాయెల్ అధికారులు వచ్చారు. బాగుచేస్తే మేమే చెయ్యాలని కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవ) సన్యాసులు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. పోలీసులు ఒక సన్యాసిని ఈడ్చుకెళ్లారు. కప్పు ఊడిపడుతోందన్న దాని మీద వాళ్లకి పేచీ లేదు. పేచీ అంతా తాపీ ఎవరు పట్టాలన్న దగ్గరే.



చట్టప్రకారం స్టేటస్ కో వర్తించేది కొన్ని పవిత్ర స్థలాలకే. కానీ ఆ బుద్ధి ఊరంతా పాకింది. ఇది తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

సమస్య

ఒక హోష్. మన మండువా లోగిలి లాంటిది: మధ్యలో రాతి వాకిలి, చుట్టూ గదులు, ఏడు కుటుంబాలు, అందరూ ఒకే తాత వారసులు. గోడ అవతల ఒక క్రైస్తవ మఠం. హోష్ వాకిలి మఠం నేలమాళిగ కన్నా నాలుగు మీటర్లు ఎత్తు. మూడు శీతాకాలాలుగా మాళిగలో పాత రికార్డులు పెట్టుకున్న గది గోడ చెమ్మగిల్లుతోంది. జెరూసలేంలో వాన ఎక్కువగా నవంబరు నుంచి మార్చి దాకా. కురిసినప్పుడు మాత్రం గట్టిగా కురుస్తుంది. గోడ ఒకచోట అరచేతి మందాన ఉబ్బింది. హోష్ వాళ్లకీ కష్టమే. వానపడితే వాకిలి మూల నుంచి మురుగు పైకి తన్నేది. పిల్లల స్కూలు సంచులు గుమ్మం పక్కన పెట్టడం మానేసి మేకులకి తగిలించేవాళ్లు.

నేను మొదట చేసింది రంగు పరీక్ష. హోష్ మరుగుదొడ్డిలో ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లు పోసి మాళిగలో కూచున్నాను. నలభై నిమిషాలకి ఉబ్బిన రాయి కింద సన్నగా పచ్చటి ధార దిగింది. లైన్లోకి కెమెరా దింపితే ఆరంగుళాల మట్టి పైపు, పద్నాలుగు మీటర్లు, మూడు చోట్ల కీలు విడిపోయింది. ఒకచోట పెంకు విరిగింది. మా ఊళ్లో అయితే తవ్వి మార్చడం రెండు రోజుల పని.

ఏం చేశాం, ఎందుకు కుదరలేదు

మొదటి తప్పు ఆ రంగు పరీక్షతోనే. రుజువు దొరికింది కదా, పని సులువవుతుందనుకుని, ఫొటోలతో సహా రిపోర్టు అందరికీ ఒకేసారి పంపాను. నా దృష్టిలో అది కారణం. చదివినవాళ్లకి అది నేరం. మఠం లాయరు నష్టపరిహారం మాటెత్తాడు. హోష్ వాళ్లు నన్ను వాకిట్లోకి రానివ్వడం మానేశారు. కారణం తేల్చడం వేరు, తప్పెవరిదో తేల్చడం వేరు. ఆ రెండూ ఒకే కాగితం మీద పెడితే రెండోదే చదువుతారు.

తర్వాత మామూలు దారి పట్టాను: నీటి సరఫరా, మురుగు సంస్థకి అర్జీ. అందులో యజమాని పేరు, సంతకం, వారసుల వివరాలు కావాలి. హోష్ తరఫున మాట్లాడే పెద్దావిడ ఫారం అందుకుని, అనువాదం చేసే కుర్రాడి చేత రెండుసార్లు చదివించుకుని, వెనక్కి ఇచ్చేసింది. మొండితనం అనుకున్నాను. కుర్రాడు బయటికొచ్చాక చెప్పాడు. వారసుల్లో ముగ్గురు అమ్మాన్‌లో ఉన్నారు. 1950 నాటి గైర్హాజరు ఆస్తుల చట్టం కింద, అలా బయట ఉన్నవాళ్ల వాటా ప్రభుత్వ కస్టోడియన్ చేతికి పోయే వీలుంది. పైపు కోసం ఇచ్చిన పేర్ల జాబితా రేపు ఏ ఫైలుకి చేరుతుందో ఎవరికి తెలుసు? తూర్పు జెరూసలేం కోసం 2018లో ప్రభుత్వం తెచ్చిన ఐదేళ్ల ప్రణాళికలో, 1967 నుంచి ఆగిపోయిన భూముల రిజిస్ట్రేషన్ మళ్లీ మొదలుపెట్టడం కూడా ఉంది. పట్టా వస్తే రుణాలొస్తాయి, అనుమతులొస్తాయి అని అధికారుల మాట. పేరు రాయించుకోడానికి వెళ్తే ఉన్నది కూడా పోతుందేమోనని జనం భయం. ఇద్దరూ చూసేది ఒకే కాగితాన్ని.

ఆవిడ మంచం కింద నుంచి బిస్కట్ల రేకు డబ్బా తీసి చూపించింది. ఏళ్లవారీగా రబ్బరు బ్యాండ్లు చుట్టిన అర్నోనా రసీదులు. పైవాటి సిరా వెలిసిపోయి తెల్ల కాగితాలైపోయాయి, అయినా దాచింది. "వీళ్లకి డబ్బు కడతాను, సంతకం మాత్రం పెట్టను," అంది.

మూడోది మఠం ఆలోచన, నేనూ తలూపాను: ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, మా మేస్త్రీలతో మేమే చేయిస్తాం. ఏడు కుటుంబాలకి పైసా ఖర్చు లేదు. ఇంతకన్నా ఏం కావాలి? పెద్దావిడ ఒక్క మాటతో కొట్టిపారేసింది: "ఈరోజు పైపు వాళ్లది. పదేళ్లకి పైపు మీద నేల వాళ్లది." నేను 1929 నాటి ఆ వాక్యం చదివింది ఆ తర్వాతే. చదివాక ఆవిడ ముందు చిన్నబోయాను.

1920ల్లో అల్ అఖ్సా మరమ్మతుకి చందాలు పోగుచేసినప్పుడు మన హైదరాబాద్ నిజాం కూడా ఇచ్చాడు. అంత దూరం నుంచి వచ్చిన డబ్బు చూసి ఎవరూ జడుసుకోలేదు. జడుపంతా పక్కింటి డబ్బంటేనే. ఈ ముక్క తర్వాత పనికొచ్చింది.

నాలుగోది అందర్నీ ఒక గదిలో కూచోబెట్టడం. ఇరవై నిమిషాల్లో ముగిసింది. నేను గోడకి తగిలించిన డ్రాయింగ్ మీద హోష్‌కి నగరపాలక సంస్థ మ్యాపులో ఉన్న పేరు రాసి ఉంది. వాళ్లు వాడే పేరు అది కాదు. మఠం వాళ్ల పత్రాల్లో మూడో పేరు. నా పైపు గీత దాకా ఎవరి చూపూ పోలేదు. ఆ రోజు నుంచి నా డ్రాయింగుల మీద పేర్లు లేవు. 1, 2, 3 అని అంకెలే. 1 ఎవరికి ఇవ్వాలని ఒకరోజు ఆలోచించి, నీళ్లు పారే దిశలో వేశాను. నీళ్ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

ప్రమాదకరం అన్న మాట

ఐదో దారి రాయబోయి ఆగాను. ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని మీదే.

గోడ ఉబ్బింది. రిపోర్టులో "ప్రమాదకరం" అని రాస్తే నగర ఇంజినీరుకి అత్యవసర అధికారం వస్తుంది. సంతకాలు అక్కర్లేదు, వారసుల జాబితా అక్కర్లేదు. దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది. పవిత్ర సమాధి చర్చిలో యేసు సమాధిగా కొలిచే చిన్న మందిరం, 1947లో బ్రిటిష్ వాళ్లు బిగించిన ఇనుప దూలాల దన్నుతో దాదాపు 70 ఏళ్లు నిలబడింది. బాగుచెయ్యాలని అందరికీ తెలుసు, ఎవరు చెయ్యాలన్న దాని మీద కుదరలేదు. 2015లో పోలీసులు భద్రత లేదని దాన్ని కాసేపు మూసేశారు. ఆ దెబ్బకి గ్రీకు ఆర్థడాక్స్, ఫ్రాన్సిస్కన్, ఆర్మీనియన్ వర్గాలు మూడూ ఒప్పుకున్నాయి. ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం 2016లో పని మొదలుపెట్టి 2017 మార్చిలో పూర్తిచేసింది. డబ్బు మూడు వర్గాలతో పాటు జోర్డాన్ రాజు లాంటి బయటి దాతల నుంచి కూడా వచ్చింది.

ఇంకో ఉదాహరణ దీనికి ఎదురుగా నిలబడుతుంది. అల్ అఖ్సా ఆవరణలోకి వెళ్లే మఘ్రిబీ గుమ్మం మట్టి ర్యాంపు 2004లో కొంత కూలింది. తాత్కాలికంగా చెక్క వంతెన వేశారు. శాశ్వత వంతెన కోసం 2007లో తవ్వకం మొదలెట్టగానే ఆందోళనలు చెలరేగాయి. 2011 డిసెంబరులో నిప్పంటుకుంటే ప్రమాదమని మూసి, రెండు రోజులకే మళ్లీ తెరిచారు. ఆ తాత్కాలిక చెక్క వంతెనే ఇంకా నడుస్తోంది.

రెండు చోట్లా ఇంజినీరు చెప్పింది ఒకటే మాట. మొదటిచోట పనిచేసింది, రెండోచోట పనిచెయ్యలేదు. సమాధి మందిరం మూతపడితే మూడు వర్గాలకీ ఒకే నష్టం, అందుకే ముగ్గురూ దిగొచ్చారు. ర్యాంపు దగ్గర అలా కాదు. ప్రమాదం అన్న మాట ఒక పక్షానికి మెట్టు, ఇంకో పక్షానికి ముప్పు. మరి మా హోష్‌లో? ప్రమాదకరం అని రాస్తే మఠం ఒక గదికి తాళం వేసుకుంటుంది, అంతే. ఏడు కుటుంబాలు మాత్రం ఇళ్లు ఖాళీ చెయ్యాలి. ఒకసారి బయటికొస్తే తిరిగి లోపలికి వెళ్తామన్న నమ్మకం వాళ్లకి లేదు. ఉబ్బిన రాళ్ల మీద కొలబద్ద పట్టీలు అతికించి ఆరు వారాలు చూశాను. కదలిక లేదు. ఉండి ఉంటే ఏం చేసేవాడినన్నది వేరే ప్రశ్న. మనుషుల ప్రాణం మీదికొస్తే రాయక తప్పదు. కదలిక లేదు కాబట్టి "తేమ తగ్గించాలి, నెలకోసారి కొలవాలి" అని రాశాను. అబద్ధం రాయలేదు. అక్కర్లేని మాట రాయలేదు.

ఏది పనిచేసింది

తవ్వితే పురావస్తు శాఖ రావాలి. 1978 చట్టం ప్రకారం అది తప్పదు, పాతనగరంలో అయితే గునపం దిగిన ప్రతిచోటా ఏదో ఒకటి బయటపడుతుంది. ఇక పని ఆగుతుంది, ఇంటి కింద తవ్వకం మొదలవుతుందన్న భయం పెరుగుతుంది. కాబట్టి తవ్వని పద్ధతి పట్టుకున్నాం. పాత పైపు లోపలే రెసిన్‌లో నానబెట్టిన మేజోడు లాంటి గొట్టం దూర్చి, నీళ్లతో ఉబ్బించి, వేడిచేసి గట్టిపరచడం. పెంకు విరిగిన చోట పైపు పూర్తిగా కూలిపోలేదు కాబట్టి కుదిరింది.

దీన్ని మరమ్మతు అనలేం. శుభ్రం చెయ్యడం అందామా అంటే అదీ గొడవే. 2011 డిసెంబరులో బెత్లెహేం చర్చిలో ఊడ్చే హద్దు దగ్గర రెండు వర్గాల మతగురువులు చీపుళ్లతో కొట్టుకున్నారు. అందుకే పనికి పేరే పెట్టలేదు. కాగితాల మీద "మంగళవారం రాత్రి పని" అనే ఉంటుంది.

ఒప్పందం రాయించాలన్న ఆశ వదులుకున్నాను. దాని బదులు మూడు ఉత్తరాలు: హోష్, మఠం, మురుగు సంస్థ. ప్రతి ఒక్కరూ నాకే రాశారు, ఒకరికొకరు కాదు. ఎవరి భాషలో వాళ్లు, ఎవరి పేర్లతో వాళ్లు. మూడింటిలోనూ ఉన్న ఒకే వాక్యం: ఈ పని వల్ల ఎవరి హక్కూ పెరగదు, తరగదు. ఒకరి ఉత్తరం ఇంకొకరికి చూపించలేదు. హోష్ లోపల పనిచేసిన ప్లంబర్ ఆ కుటుంబం ఎంచుకున్న మనిషి. వీధి మ్యాన్‌హోల్ దగ్గర సంస్థ సిబ్బంది, వీధి ఎలాగూ వాళ్లు ఊడ్చేదే. మఠం తన మాళిగ లోపలి గోడకి తన డబ్బుతో పూత వేయించుకుంది. గొట్టం ఖర్చు దూరదేశపు దాత నిధి నుంచి. నిజాం చందా ముచ్చట గుర్తొచ్చి పట్టుకున్న దారి ఇదే.

తేదీ కుదరడానికి మూడు క్యాలెండర్లు ముందేసుకున్నాం. శుక్ర, శని, ఆదివారాలు కుదరవు. రంజాన్, పస్కా పండుగ, రెండు లెక్కల ఈస్టర్లు తీసేస్తే మిగిలింది రెండు మంగళవారాలు.

గొట్టం గట్టిపడే ఐదు గంటలు ఏడిళ్లలో ఎవరూ నీళ్లు వదలకూడదు. ముసలివాళ్లున్నారు, పిల్లలున్నారు. వాళ్లని మఠం మరుగుదొడ్డి వాడుకోనివ్వమని మఠం ఖజానా చూసే సన్యాసిని అడిగాను. వెనక తలుపు తెరిస్తే అది రేపు దారి హక్కవుతుందని ఆయన భయం, నిజమే. కాసేపు గడ్డం నిమురుకుని అన్నాడు: "ఇంజినీరు కోసం తలుపు తెరుస్తాను. ఇంజినీరు వెంట ఎవరొస్తున్నారో నేను చూడను." ఆ రాత్రి పదకొండుసార్లు ఆ తలుపులోంచి వెళ్లొచ్చాను. పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. సన్యాసి అవతలికి తిరిగి జపమాల తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఇది ఏ ఉత్తరంలోనూ లేదు.

తెల్లవారుజామున అంతా బాగానే అయిందనుకుంటుండగా, మురుగు సంస్థ కుర్రాడు మర్యాదకి వాకిట్లో పగిలిన మూత బదులు కొత్త ఇనుప మూత తెచ్చి బిగించబోయాడు. దాని మీద నగరపాలక సంస్థ చిహ్నం, సింహం బొమ్మ. ఏడు తలుపులూ తెరుచుకున్నాయి. ఐదు నిమిషాల్లో నాలుగు నెలల పని పోయేదే. నేను ఆ మూత నెత్తిన పెట్టుకున్నంత పనిచేసి వీధిలోకి మోసుకెళ్లి, పాత రాతి పలకనే తెచ్చి కప్పించాను. అంచు కొద్దిగా విరిగి ఉంది. ఉండనిచ్చాను.

తర్వాత

రెండు శీతాకాలాలు చూశాం. మాళిగ గోడ మీద తడి లేదు, తెల్లటి ఉప్పు పొర మాత్రం ఉంది. ఉబ్బు అలాగే ఉంది. వీధి కింది పెద్ద లైను పాతదే, దాన్ని మార్చే మాట ఎవరూ ఎత్తలేదు. వీధి చివరి దుకాణదారుడికి ముందుగా చెప్పలేదని ఇప్పటికీ నా మీద కోపం. అతనిది న్యాయమే. ఆ రాత్రి రెసిన్ వాసన అతని సుగంధ ద్రవ్యాల బస్తాలకి పట్టింది.

ఇది గెలుపని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ పద్ధతికి హద్దుంది. 2014లో షుఆఫత్ శరణార్థి శిబిరం వైపు వారాల తరబడి కుళాయిలు ఎండిపోయాయి. నగర హద్దులోపలే ఉన్నా, ఇజ్రాయెల్ కట్టిన అడ్డుగోడ అవతల పడిన చోటు అది. జనం సుప్రీంకోర్టుకి వెళ్లారు. వేలమందికి నీళ్లు కావల్సినప్పుడు మూడు ఉత్తరాలు, రెండు మంగళవారాలు సరిపోవు. అక్కడ బాధ్యత ఎవరిదో తేలాల్సిందే. తేలకుండా పక్కనపెట్టడం పద్నాలుగు మీటర్ల దాకానే నడిచే ఉపాయం.

కానీ ఆ పద్నాలుగు మీటర్ల దగ్గర నేను చూసింది పెద్ద విషయాల్లోనూ కనబడుతుంది. 1967 తర్వాత తూర్పు బడుల్లో ఇజ్రాయెల్ పాఠ్యప్రణాళిక పెట్టబోతే సమ్మె జరిగింది, చివరికి జోర్డాన్ పాఠాలే ఉంచారు. హక్కు వదులుకోకుండానే పని వదులుకున్నారు. 2017 జూలైలో అల్ అఖ్సా దగ్గర ఇద్దరు పోలీసుల్ని చంపిన దాడి తర్వాత గుమ్మాల దగ్గర మెటల్ డిటెక్టర్లు పెట్టారు. విమానాశ్రయంలో అయితే ఎవరూ పట్టించుకోని యంత్రం. జనం లోపలికి వెళ్లకుండా వీధుల్లోనే నమాజు చేశారు. పది రోజుల్లో యంత్రాలు తీసేశారు. వాటిని పెట్టింది భద్రతకే కావచ్చు. గుమ్మం ముందు నిలబడ్డవాడు మాత్రం ఆకుపచ్చ దీపం వెలుగుతుందా ఎర్ర దీపం వెలుగుతుందా అని చూడలేదు, గుమ్మానికి యజమాని ఎవరని చూశాడు. మళ్లీ అలాంటి కేసు వస్తే నేను మొదటి రోజు కెమెరా దింపను. మూతలు, ఫారాలు, బోర్డులు, సంతకం గడులు చూస్తాను. వాటి మీద ఏముందో రాసుకుని, ఏది లేకుండా పని జరుగుతుందో చూస్తాను.

పోయిన చలికాలంలో హోష్ ప్లంబర్ ఫోన్ చేశాడు. వాకిట్లో రాతి పలక కదులుతోందట, రాత్రిళ్లు ఎవరు నడిచినా టకటకమంటోందట, పెద్దావిడకి నిద్ర పట్టడం లేదట. కింద గుప్పెడు సిమెంటు పెట్టి బిగించనా అని అడిగాడు.

ఎవరి సిమెంటు అని అడిగాను.